ఫైర్ డోర్ కొటేషన్లు: ఒక్కో తలుపుకు 14,500 ఒకరు, 37,000 ఒకరు. ఎలా పోల్చాలి?

కొంపల్లి_కోశాధికారి
మాది కొంపల్లి వైపు స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంట్. 72 ఫ్లాట్లు, రెండు మెట్ల దారులు. బిల్డర్ అప్పట్లో పెట్టిన మెట్ల తలుపులు కింది భాగమంతా తుప్పు పట్టిపోయాయి, కొన్ని ఫ్రేమ్ నుంచే ఊడాయి. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం) రెన్యువల్ పని మొదలుపెడితే, ముందు తలుపుల సంగతి చూసుకోమన్నారు. స్టిల్ట్‌తో కలిపి అంతస్తుకు రెండు చొప్పున 20, టెర్రస్ మీద 2, మొత్తం 22 కావాలి.

ముగ్గురికి ఒకే మెసేజ్ పంపాను: "120 నిమిషాల ఫైర్ డోర్, సప్లై అండ్ ఫిక్సింగ్, 22 నంబర్లు, రేటు చెప్పండి." అంటే మంటను రెండు గంటలు ఆపే తలుపులు. ఒకరు 14,500 అన్నారు, ఒకరు 23,800, ఇంకొకరు 37,000. మూడింటికీ జీఎస్టీ అదనం. ఆదివారం జనరల్ బాడీ మీటింగ్ ఉంది. తక్కువ రేటు ఎందుకు వద్దంటే ఏం చెప్పాలి, ఎక్కువ రేటు ఎందుకు కావాలంటే ఏం చెప్పాలి? ఇక్కడ ఈ పని తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

ఫ్లాట్404
14,500 వాడికి ఇచ్చేయండి. తలుపు తలుపే. ఎన్‌ఓసీ వస్తే చాలు.

సైట్_సుబ్బారావు
404 గారూ, అలా కుదరదు. కోశాధికారి గారూ, ముందు ఒక్కటి చెప్పండి. ఆ మూడు కొటేషన్లలో ఏమేం కలిపారో రాశారా? ఫ్రేమ్, షట్టర్ (తలుపు ఆకు) మాత్రమేనా? క్లోజర్ (తలుపును దానంతట అదే మూసేది), లాచ్, కబ్జాలు (బందులు), అవతలికి చూసే గాజు అద్దం, బిగింపు, పాత ఫ్రేమ్ పీకే ఖర్చు ఎవరి లెక్కలో ఉన్నాయి?

కొంపల్లి_కోశాధికారి
ఇప్పుడే తీసి చూశాను. 14,500 దాంట్లో ఫ్రేమ్, షట్టర్, కబ్జాలు. అడుగున చిన్న అక్షరాల్లో "హార్డ్‌వేర్, ఫిక్సింగ్ ఎక్స్‌ట్రా యాజ్ పర్ యాక్చువల్స్" అని ఉంది. ఫోన్ చేసి అడిగితే క్లోజర్ 3,200, పానిక్ బార్ (నెడితే తలుపు తెరుచుకునే అడ్డ కడ్డీ) 6,000, అద్దం 2,500, బిగింపు 2,500 అన్నాడు.

23,800 దాంట్లో క్లోజర్, అద్దం, బిగింపు ఉన్నాయి. పానిక్ బార్ లేదు, కావాలంటే అదే 6,000.

37,000 దాంట్లో అన్నీ ఉన్నాయి, "ఇన్సులేటెడ్" అని కూడా రాశారు. దాని అర్థం నాకు తెలియదు.

సైట్_సుబ్బారావు
కూడి చూడండి. మొదటిది 14,500కు 14,200 కలిపితే 28,700. రెండోది 23,800కు 6,000 కలిపితే 29,800. వాటి మధ్య తేడా 1,100 రూపాయలే! మీ మీటింగ్‌లో జనం 14,500కు చేతులెత్తి ఉంటే, పని సగంలో ఉండగా "ఎక్స్‌ట్రా" బిల్లులు వచ్చేవి, అప్పటికి అడ్వాన్స్ కూడా పోయేది.

వడ్లకూ బియ్యానికీ ఒకే ధర అడిగినట్టు అడిగారు. మెసేజ్‌లో సరుకు ఏదో చెప్పకుండా రేటు అడిగితే, ఎవరికి నచ్చింది వాళ్లు లెక్క కట్టి పంపుతారు. అందులో వాళ్లను తప్పుపట్టడానికేం లేదు.

బాలానగర్_శీను
నేను రేకు పనిలోనే ఉన్న. ఫైర్ డోర్లు మేం తయారు చెయ్యం, చేసేటోళ్ల దగ్గర చానా రోజులు పనిచేసిన. సార్ చెప్పింది కరెక్టు. ఇంకోటి చెప్త. 14,500కు 120 నిమిషాల తలుపు ఇస్తనంటే, రేకు మందం అడగండి.

మామూలుగా ఫ్రేమ్‌కు 1.6 ఎంఎం జీఐ (జింకు పూత) రేకు, షట్టర్‌కు రెండు దిక్కులా 1.2 ఎంఎం, షట్టర్ మందం 46 ఎంఎం అని రాస్తరు. తక్కువ రేటు అయితే షట్టర్ రేకు 0.8కి దిగుతది. పెయింట్ వేసినంక కంటితో చూస్తే తెల్వదు. తూకం వేస్తే తెలుస్తది. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు షట్టర్‌కు రెండు దిక్కుల 1.2 రేకే దగ్గర దగ్గర 40 కిలోలు. అదే 0.8 అయితే 26 కిలోలే. లోపలి సరుకు, పట్టీలు దానికి అదనం. లారీ దిగంగనే ఒక షట్టర్‌ను కాటా మీద పెట్టమనండి. ఎవరైనా వద్దంటే అక్కడనే అర్థమైపోతది.

మల్కాజిగిరి_మాధవి
శీను గారూ, ఇది ఎవరూ చెప్పరండీ. నోట్ చేసుకున్నా. మాదీ స్టిల్ట్ ప్లస్ ఆరు, మా వంతు కూడా వస్తుంది.

ఫ్లాట్404
రేకు మందం సంగతి ఒప్పుకుంటాను. కానీ 37,000 ఎందుకు? 22 తలుపులకు 8,14,000. జీఎస్టీ 18 శాతం కలిపితే 9,60,000 దాటుతుంది. 72 ఫ్లాట్లు పంచుకుంటే ఒక్కో ఇంటికి 13,300 పైన. మా దాంట్లో రిటైరైన వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల తరఫున అడుగుతున్నాను.

సైట్_సుబ్బారావు
అడగాల్సిన ప్రశ్నే. "ఇన్సులేటెడ్" అంటే ఇది. తలుపుకు పరీక్షలో రెండు విడివిడి మార్కులు ఉంటాయి. మొదటిది ఇంటెగ్రిటీ: మంట, వేడి పొగ సందుల్లోంచి ఇవతలికి రాకుండా ఎన్ని నిమిషాలు ఆపింది. రెండోది ఇన్సులేషన్: ఇవతలి వైపు తలుపు ఎంత వేడెక్కింది. మొదట ఉన్న ఉష్ణోగ్రత కంటే సగటున 140 డిగ్రీలు, ఏ ఒక్క చోటైనా 180 డిగ్రీలు మించి పెరిగితే ఇన్సులేషన్ అక్కడితో ఫెయిల్.

లోపల కాగితం హనీకోంబ్ (తేనెపట్టు లాంటి గళ్లు) పెట్టిన రేకు తలుపు 120 నిమిషాల ఇంటెగ్రిటీ దాటుతుంది, మోసమేం కాదు. కానీ ఇవతలి రేకు కాలిపోతూ ఉంటుంది, దాని పక్కనుంచి మనిషి దిగడం కష్టం. లోపల మినరల్ ఊల్ (రాతి ఉన్ని) లాంటివి నింపి, ఇన్సులేషన్‌కు కూడా పాసైన తలుపు ఖరీదు ఎక్కువ. మీకు ఏది కావాలో మీ ఎన్‌ఓసీకి ఆమోదించిన డ్రాయింగ్, అధికారి రాసిన షరతులు చెబుతాయి. దాన్ని తీయకుండా కొటేషన్ అడగొద్దు. బిల్డర్ దగ్గర నుంచి సొసైటీకి అందిన ఫైల్లో ఉంటుంది.

కొంపల్లి_కోశాధికారి
డ్రాయింగ్ దొరికింది. ఫైర్ డోర్ గుర్తులు మెట్ల దగ్గరే కాదు, ప్రతి అంతస్తులో ఎలక్ట్రికల్ షాఫ్ట్ దగ్గర కూడా ఉన్నాయి! అక్కడ ఇప్పుడు ప్లైవుడ్ తలుపులు ఉన్నాయి, వాటికి తాళం కప్ప.

పాత_బోయినపల్లి
ఆ షాఫ్ట్ తలుపులే ముందు చెయ్యండి సార్. కేబుల్ అంటుకుంటే కింది నుంచి పై దాకా అదే పొగ గొట్టం.

సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 2023 మార్చి 16న మంటలు లేచిన రాత్రి మేం దగ్గర్లోనే ఉన్నాం. ఆరుగురు పోయారు, అందరూ చిన్న వయసు పిల్లలు, పొగకు ఊపిరాడక. అంతకు ముందు ఏడాది, 2022 సెప్టెంబర్ 12న, సికింద్రాబాద్‌లోనే ఇంకో భవనంలో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్‌లో మంట లేస్తే పైన లాడ్జిలో ఉన్నవాళ్లు ఎనిమిది మంది పోయారు. అక్కడా మెట్లలోంచే పొగ పైకి ఎగబాకింది. ఎవరి తప్పు అన్నది కోర్టులు చూసుకుంటాయి. నేను చెప్పేది ఒక్కటే, మన స్టిల్ట్‌లో కూడా ఇప్పుడు ఈవీలు చార్జ్ అవుతున్నాయి. స్టిల్ట్ నుంచి మెట్లలోకి ఉండే ఆ రెండు తలుపులు మీ 22లో అన్నిటికన్నా ముఖ్యం.

ఫ్లాట్404
ఈ మాట తర్వాత రేటు గురించి వాదించను. అయినా నా అసలు అనుమానం వేరే. ఏ తలుపు పెట్టినా దానికి రాయో, పూలకుండీయో అడ్డం పెట్టి తెరిచే ఉంచుతారు. పాల పిల్లవాడు, పనమ్మాయి, సైకిల్ తీసుకుపోయే పిల్లలు, అందరికీ మూసి ఉంటే ఇబ్బందే. తెరిచి ఉన్న ఫైర్ డోర్ వల్ల లాభమేంటి?

గుంటూరు_నర్సింగ్‌హోమ్
404 గారి అనుమానం నిజం. మా నర్సింగ్‌హోమ్‌లో స్ట్రెచర్ల కోసం అదే జరిగేది. రెండు తలుపులకు మాగ్నెటిక్ హోల్డర్లు పెట్టించాం. మామూలు రోజుల్లో అయస్కాంతం తలుపును గోడకు పట్టి ఉంచుతుంది, ఫైర్ అలారం మోగినా, కరెంటు పోయినా వదిలేస్తుంది, క్లోజర్ లాగి మూస్తుంది. దానికి ఫైర్ అలారం ప్యానెల్ నుంచి వైరింగ్ కావాలి, అది తలుపుల వాడు చెయ్యడు, అలారం వాడు "నా స్కోప్ కాదు" అంటాడు. కొటేషన్ అడిగేటప్పుడే ఎవరు ఎంతవరకు చేస్తారో రాయించుకోండి.

ఇంకోటి. మా దగ్గర తలుపు ఆకు వెడల్పు మీటరు అని ఆర్డర్ ఇస్తే మీటరు ఆకే వచ్చింది, కానీ 90 డిగ్రీలు తెరిచాక ఖాళీ దారి మీటరు లేదు. కబ్జాల దగ్గర ఆకు మందం, ఫ్రేమ్ గాడి తినేశాయి. సప్లై చేసినవాళ్లు "మీరు డోర్ సైజ్ చెప్పారు, క్లియర్ ఓపెనింగ్ చెప్పలేదు" అన్నారు. కాగితం మీద వాళ్లదే కరెక్టు. అందుకే గోడలో ఉన్న రంధ్రం కొలత, తెరిచాక మిగలాల్సిన ఖాళీ కొలత, రెండూ రాయండి.

సైట్_సుబ్బారావు
నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో నాలుగో భాగం అగ్ని భద్రత. బయటికి వెళ్లే తలుపు వెడల్పు మీటరు, ఎత్తు 2 మీటర్లు తగ్గకూడదు అన్నది దాని లెక్క. తలుపు జనం పారిపోయే దిశలో తెరుచుకోవాలి, లోపలి నుంచి తాళం చెవి అవసరం లేకుండా తెరుచుకోవాలి. మీ పాత ఫ్రేమ్ గోడ రంధ్రం చిన్నదైతే గోడ కొయ్యాలి, ఆ పని ఎవరిదో ఇప్పుడే తేల్చండి.

ఎల్బీనగర్_వెంకట్
ఒక్కో అంతస్తులో పానిక్ బార్ అవసరమా? 22 తలుపులకు 6,000 చొప్పున 1,32,000 అవుతుంది. సినిమా హాలు, మాల్ అయితే సరే. అపార్ట్‌మెంట్‌కు మామూలు హ్యాండిల్ లాచ్ చాలదా?

బాలానగర్_శీను
చాలదు సార్. పొగలో హ్యాండిల్ ఎక్కడుందో వెతుక్కునే టైం ఉండదు. నడుముతో గుద్దితే తెరుచుకోవాలె.

సైట్_సుబ్బారావు
శీను, ఇక్కడ వెంకట్ గారి వైపు ఉంటాను. మెట్లలోకి తోసే తలుపుకు తాళం లేని సాదా లివర్ హ్యాండిల్ ఉన్నా నొక్కితే తెరుచుకుంటుంది. జనం గుంపుగా వచ్చి పడే చోట పానిక్ బార్‌కు సాటి లేదు: స్టిల్ట్ నుంచి బయటికి వెళ్లే తలుపు, టెర్రస్ తలుపు. మిగతా చోట్ల డ్రాయింగ్‌లో, అధికారి షరతుల్లో ఏముందో అదే పెట్టండి. ఏది పెట్టినా తలుపుతో పాటు పరీక్షకు వెళ్లిన హార్డ్‌వేర్ అయి ఉండాలి. మంచి తలుపుకు చౌక లాచ్ బిగిస్తే, మంటలో ముందు కరిగేది ఆ లాచే.

బాలానగర్_శీను
టెర్రస్ వరకు ఒప్పుకుంట. మిగతా చోట్ల నా మాట నాదే. డబ్బులుంటే అన్నిటికీ పెట్టించుకోండి.

లీడ్స్_లత
మేం ఇంగ్లండ్‌లో ఫ్లాట్‌లో ఉంటాం. 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది పోయారు. ఆ తర్వాత అక్కడి ఫ్లాట్ తలుపు ఒకటి పోలీసులు పరీక్ష చేయిస్తే, 30 నిమిషాలు ఆగాల్సింది 15 నిమిషాలకే పోయింది. ఆ వార్త తర్వాత ఇక్కడ ప్రతి బిల్డింగ్‌లో తలుపుల గొడవే. 2023 జనవరి నుంచి 11 మీటర్లు దాటిన నివాస భవనాల్లో, అందరూ వాడే దారుల్లోని ఫైర్ డోర్లను మూడు నెలలకోసారి చూడాలని రూల్.

మా బిల్డింగ్‌లో తలుపులు చూసే మనిషి జేబులోంచి ఒక పౌండ్ నాణెం తీసి, ఆకుకూ ఫ్రేమ్‌కూ మధ్య సందులో పెట్టి చుట్టూ జరుపుతాడు. నాణెం మందం దాదాపు 3 ఎంఎం, సందు కూడా అంతే ఉండాలి. వదులుగా ఊగితే రాసుకుంటాడు. తర్వాత తలుపును సగం తెరిచి వదిలేస్తాడు. లాచ్ పడిన శబ్దం వినబడే దాకా అక్కడే నిలబడతాడు. కొత్త తలుపులు బిగించిన రోజే ఇలా చూసుకుని, బాగోలేకపోతే సంతకం పెట్టకండి.

మల్కాజిగిరి_మాధవి
లత గారూ, ఆ సందులో నల్లటి పట్టీ ఒకటి అతికించి ఉంటుంది కదా, అదేంటి? మా బిల్డర్ సైట్‌లో చూశాను, పెయింటర్ దాని మీద కూడా రంగేశాడు.

లీడ్స్_లత
అది ఇన్‌ట్యూమెసెంట్ స్ట్రిప్. వేడి తగలగానే ఉబ్బి ఆ సందును మూసేస్తుంది. తొలి పొగ ఇంకా చల్లగా ఉంటుంది కాబట్టి దానికి అది ఉబ్బదు, అందుకు వేరేగా బ్రష్‌లాంటి స్మోక్ సీల్ ఉంటుంది. మందంగా రంగు వేస్తే ఆ బ్రష్ గట్టిపడి పనికిరాదు.

పాత_బోయినపల్లి
కొటేషన్‌లో స్మోక్ సీల్ అని అడిగి మరీ రాయించండి. మన దగ్గర చాలామంది స్ట్రిప్ ఒక్కటే వేసి వదిలేస్తారు. మనుషుల్ని చంపేది పొగ.

కొంపల్లి_కోశాధికారి
సర్టిఫికెట్ సంగతి చెప్పండి. ముగ్గురూ "సర్టిఫైడ్" అనే అంటున్నారు. ఒకరు పంపిన పీడీఎఫ్ ఇరవై పేజీలు ఉంది, ఏం చూడాలో తెలియడం లేదు.

సైట్_సుబ్బారావు
పరీక్ష ఎవరి పేరు మీద జరిగిందో మొదటి పేజీలో చూడండి. మీకు కొటేషన్ ఇచ్చిన కంపెనీ పేరు కాకపోతే, అసలు తయారీదారు వీళ్లకు డీలర్‌షిప్ ఇచ్చినట్టు లెటర్ అడగండి. తర్వాత ఏ స్టాండర్డ్ ప్రకారం చేశారో చూడండి. మనది ఐఎస్ 3614, దానికి 2021లో కొత్త రూపం వచ్చింది. బ్రిటిష్ స్టాండర్డ్ బీఎస్ 476 పార్ట్ 22 పేరుతో కూడా చాలా రిపోర్టులు తిరుగుతుంటాయి. రూర్కీలోని సీబీఆర్‌ఐ (కేంద్ర భవన పరిశోధన సంస్థ) ఈ పరీక్షలు చేసే పాత సంస్థ, అలాంటి ల్యాబ్ పేరు ఉండాలి.

ఆ తర్వాతది చాలామంది చూడరు. పరీక్షించిన తలుపు సైజెంత, ఒక ఆకా రెండు ఆకులా, అద్దం ఉందా లేదా, లోపల ఏం నింపారు, ఏ లాచ్, ఏ క్లోజర్. అద్దం లేని ఒంటి తలుపు పాసైన కాగితం చూపించి మీకు అద్దం పెట్టిన తలుపు ఇస్తే, ఆ కాగితం మీ తలుపుది కాదు. ఇంటెగ్రిటీ, ఇన్సులేషన్ నిమిషాలు విడివిడిగా రాసి ఉంటాయి, ఆ రెండు అంకెలకు గుండ్రం చుట్టి మీటింగ్‌లో చూపించండి.

బాలానగర్_శీను
తలుపు కబ్జాల దిక్కు అంచు మీద చిన్న ప్లేట్ కొట్టి ఉంటది. తయారుచేసినోళ్ల పేరు, నిమిషాలు, సీరియల్ నంబరు. ఆ నంబరు బిల్లు మీద కూడా రాయమనండి. దాని మీద పెయింట్ వెయ్యనియ్యకండి.

ఎల్బీనగర్_వెంకట్
మా సొసైటీలో తలుపులు బాగానే వచ్చాయి, బిగింపే చెడింది. ఫ్రేమ్‌కూ గోడకూ మధ్య రెండు వేళ్లు పట్టే సందు ఉంటే మామూలు పీయూ ఫోమ్ కొట్టి పైన పుట్టీ పూసి వెళ్లిపోయారు. ఇంకో కాంట్రాక్టర్‌ను పిలిచి అంతా గీకించి సిమెంట్ గ్రౌట్ నింపించాం.

సైట్_సుబ్బారావు
వెంకట్ గారు మంచి పాయింట్ చెప్పారు. తలుపు రెండు గంటలు ఆగి, పక్కన ఫోమ్ నిమిషాల్లో కాలిపోతే లాభం లేదు. ఫ్రేమ్ వెనక సిమెంట్ మోర్టార్ నింపడమో, పరీక్ష పాసైన ఫైర్ సీలెంటో అని రాయండి. క్లోజర్ సైజు కూడా ఆకు బరువును బట్టి: యూరప్ స్టాండర్డ్ ఈఎన్ 1154 లెక్కలో సైజు 3 అయితే 60 కిలోల దాకా, సైజు 4 అయితే 80 కిలోల దాకా. మినరల్ ఊల్ నింపిన ఆకుకు 3 చాలకపోవచ్చు.

ఫ్లాట్404
డబ్బులు ఎలా ఇవ్వాలో కూడా చెప్పండి. 50 శాతం అడ్వాన్స్ అడుగుతున్నారట.

గుంటూరు_నర్సింగ్‌హోమ్
మేం 30 అడ్వాన్స్, సరుకు సైట్‌కు చేరి తూకం, ప్లేట్లు చూసుకున్నాక 40, బిగించాక 20, చివరి 10 ఆరు నెలల తర్వాత అని ఒప్పించాం. ఆ చివరి 10 శాతం ఉందనే, క్లోజర్ నూనె కారినప్పుడు ఫోన్ చేసిన మర్నాడే వచ్చారు.

కొంపల్లి_కోశాధికారి
అందరి మాటలూ కలిపి కొత్త ఎంక్వైరీ రాశాను, చూసి చెప్పండి:

"మెట్ల దారి తలుపులు 20, టెర్రస్ తలుపులు 2, ఎలక్ట్రికల్ షాఫ్ట్ తలుపులు జతచేసిన పట్టిక ప్రకారం. ఒక్కో తలుపుకు గోడ రంధ్రం కొలత, కావాల్సిన ఖాళీ దారి, తెరుచుకునే దిక్కు పట్టికలో ఉన్నాయి. ఆమోదిత డ్రాయింగ్ కాపీ జతచేశాం. ఐఎస్ 3614 ప్రకారం 120 నిమిషాలు. ఇంటెగ్రిటీ మాత్రమే ఉన్న తలుపుకు ఒక రేటు, ఇన్సులేషన్ కూడా ఉన్న తలుపుకు ఒక రేటు ఇవ్వాలి. రేకు మందం, లోపలి సరుకు, ఆకు బరువు రాయాలి. క్లోజర్, లాచ్, కబ్జాలు, అద్దం, స్ట్రిప్, స్మోక్ సీల్ ఒక్కోదానికి మేక్, రేటు విడిగా. పానిక్ బార్ రేటు విడిగా. పాత ఫ్రేమ్ తీయడం, గ్రౌటింగ్, రవాణా, పై అంతస్తులకు మోయడం, చెత్త తీసుకెళ్లడం కలిపి. జీఎస్టీ విడిగా చూపాలి. పూర్తి టెస్ట్ రిపోర్ట్ లేకుండా వచ్చిన కొటేషన్ తెరవబడదు. సైట్ చూసి కొలతలు తీసుకున్నాకే రేటు ఇవ్వాలి."

సైట్_సుబ్బారావు
బాగుంది. రేటు ఎన్ని రోజులు చెల్లుతుందో, ఆర్డర్ ఇచ్చాక ఎన్ని వారాల్లో సరుకు వస్తుందో కూడా అడగండి. ఇంకా, పాత తలుపులన్నీ ఒకేసారి పీకనివ్వకండి. ఒక మెట్ల దారి పూర్తయ్యాకే రెండోది ముట్టుకోవాలి.

లీడ్స్_లత
పని ఇచ్చాక ముందు ఒక్క తలుపు బిగించి చూపించాలి, అది నచ్చితేనే మిగతావి అని కూడా చేర్చండి.

కొంపల్లి_కోశాధికారి
రెండూ చేర్చి ముగ్గురికీ పంపేశాను. 14,500 ఆయన టెస్ట్ రిపోర్ట్ తన దగ్గర లేదని, ఈ పనికి రానని మెసేజ్ పెట్టాడు. 23,800 ఆయన రేపు ఉదయం టేపుతో వస్తానన్నాడు. 37,000 వాళ్లు శనివారం సైట్ చూస్తామన్నారు. ఇంకెవరైనా రిపోర్ట్ ఉన్న తయారీదారులు తెలిస్తే చెప్పండి, మూడో కొటేషన్ కావాలి.

ఫ్లాట్404
మీటింగ్ వారం వాయిదా వెయ్యండి. ఆ మూడోది కూడా వచ్చాకే పెట్టండి.

మల్కాజిగిరి_మాధవి
ఆ ఎంక్వైరీ మా సొసైటీకి వాడుకోవచ్చా? మాకు మెట్ల దారి ఒక్కటే, తలుపులు తక్కువ.

కొంపల్లి_కోశాధికారి
తప్పకుండా వాడుకోండి మాధవి గారూ. కొలతల పట్టిక కూడా పెడతాను, మీ అంకెలు నింపుకోండి. మీకు దారి ఒక్కటే కాబట్టి, బిగించే రోజుల్లో జనం ఎలా దిగాలో ముందే కాంట్రాక్టర్‌తో మాట్లాడుకోండి.